లిగమెంట్ ఆపరేషన్ బాగానే జరిగింది, అయినా మోకాలి గుజ్జు అరుగుతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 23 ఏళ్లు. ఈ సంక్రాంతికి ఊళ్లో జరిగిన కబడ్డీ పోటీల్లో, కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతుండగా కుడి మోకాలు మెలిక పడింది. రెండు గంటల్లోనే మోకాలు బంతిలా ఉబ్బితే, ఆసుపత్రిలో సూదితో తీసినప్పుడు అంతా రక్తమే వచ్చింది. ఏసీఎల్ (మోకాలి మధ్యలో రెండు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు) పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) కొంత చిరిగిందని, ఎముక లోపల కమిలిందని ఎంఆర్‌ఐలో తేలింది. మార్చిలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఐదు నెలలు గడిచాయి. నడక బాగానే ఉంది గానీ, ఎక్కువసేపు నిలబడితే సాయంత్రానికి వాపు వస్తోంది.

మొన్న డాక్టర్ గారు, ముందుముందు ఈ మోకాలికి అరుగుదల త్వరగా రావచ్చని అన్నారు. తెగిన లిగమెంటును సరిచేశాక కూడా గుజ్జు ఎందుకు అరగాలో మాకు అర్థం కాలేదు. అమ్మకు 58 ఏళ్లకు వచ్చిన మోకాళ్ల నొప్పులు వీడికి 35కే వస్తాయేమోనని ఇంట్లో అందరికీ దిగులుగా ఉంది. నీరు తీయించి ఇంజెక్షన్ వేయిస్తే సరిపోతుందని అమ్మ అంటోంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు)

అక్కా, లిగమెంటు తెగడం అంటే ఒక్క తాడు తెగడం కాదు, ఆ క్షణంలో కీలు మొత్తానికీ దెబ్బ తగులుతుంది. తొడ ఎముక, కాలి ఎముక ఒకదానికొకటి బలంగా గుద్దుకోవడం వల్లే ఎంఆర్‌ఐలో ఆ కమిలిన మచ్చలు కనిపించాయి. మధ్యలో ఉన్న గుజ్జు ఆ దెబ్బనంతా తానే భరించింది. ఆపై కీలులోకి రక్తం చేరడంతో లోపలి పొర ఉద్రేకపడి ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ వంటి రసాయనాలను విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో పుట్టుకొచ్చే ఎంజైములు గుజ్జుకు గట్టిదనాన్నిచ్చే కొల్లాజెన్‌ను, నీటిని పట్టి ఉంచే అగ్రికాన్‌ను కొరికేస్తాయి. కీలు జారుడుగా కదలడానికి తోడ్పడే లూబ్రిసిన్ కూడా తగ్గిపోతుంది. ఆపరేషన్ కీలుకు నిలకడనిస్తుంది గానీ, అప్పటికే మొదలైన ఈ రసాయనిక ప్రక్రియను ఆపదు. పైగా ఆపరేషన్ కూడా కీలుకు ఇంకొక గాయమే కాబట్టి, కొంతకాలం ఆ వాపు మళ్లీ పెరుగుతుంది.

గుజ్జుకు రక్తనాళాలు లేవు కనుక అది సులువుగా మానదు. నరాలు లేవు కనుక అరుగుతున్నప్పుడు నొప్పి తెలియదు. నొప్పి లేదని ఆటలోకి దిగేవారిని చూసి నాకు బాధ కలిగేది ఇందుకే. అందుకే సాయంత్రపు వాపును తేలికగా తీసుకోకండి, ఆ రోజు కీలు మోయగలిగినదానికంటే ఎక్కువ భారం పడిందని అది చెబుతోంది. వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండరం సరిగా పనిచేయదు. ఆరోగ్యమైన మోకాలిలోకి సెలైన్ ఎక్కించి చూసినప్పుడు కూడా ఆ కండరం వెంటనే మందగించింది. కండరం బలహీనపడితే అది మోయవలసిన బరువు కూడా గుజ్జు మీదే పడుతుంది.

సమాధానం 2

నాది అనుభవం మాత్రమే. 16 ఏళ్ల క్రితం వాలీబాల్ ఆడుతూ ఏసీఎల్ తెంచుకున్నాను. ఆపరేషన్ తర్వాత ఆరో నెలలోనే, వాపు ఉండగానే, నొప్పి మాత్రలు వేసుకుని ఆడాను. ఏడాది తిరగకుండానే మెనిస్కస్ చిరిగితే కొంత భాగం తీసేశారు. ఇప్పుడు 41 ఏళ్లకు, ఎక్స్‌రేలో మోకాలి లోపలి వైపు ఎముకల మధ్య సందు తగ్గిపోయి కనిపిస్తోంది, అంటే అక్కడ గుజ్జు అరిగిందన్నమాట. మీ తమ్ముడి చేత ఆ తొందర మాత్రం చేయించకండి.

సమాధానం 3 (ఆర్థోపెడిక్స్ పీజీ విద్యార్థి)

పై ఇద్దరూ చెప్పినది సరైనదే. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణులను 12 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, సగటు వయసు 31 ఏళ్లే అయినా, ఎక్స్‌రే తీసినవారిలో దాదాపు సగం మందికి అరుగుదల కనిపించింది. అదే దేశంలో 121 మందితో జరిగిన మరొక పరిశోధనలో, వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికీ, ముందు వ్యాయామాలతో మొదలుపెట్టి అవసరమైతేనే ఆపరేషన్‌కు వెళ్లినవారికీ మధ్య ఐదేళ్ల తర్వాత ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మిగిలిన సగం మందికి రాలేదన్నది కూడా అంతే నిజం. మెనిస్కస్ ఎంత మిగిలింది, బరువు ఎంత పెరిగింది, మళ్లీ దెబ్బ తగిలిందా అన్నవాటి మీద చాలా ఆధారపడి ఉంటుంది.

అరుగుదలను ముందే ఆపగలదని రుజువైన మందు ఇప్పటికి లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మీ అంతట మీరు అడిగి వేయించుకోకండి: అప్పటికే అరుగుదల ఉన్నవారికి మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు వేసి చూసిన 2017 నాటి పరిశోధనలో, సెలైన్ వేసినవారికంటే వారికే గుజ్జు ఎక్కువగా తగ్గింది. నీరు తీయించినా, చేరడానికి కారణం ఉన్నంతకాలం మళ్లీ చేరుతుంది. ఆటకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, ఆపైన కూడా రెండు కాళ్ల తొడ బలాన్ని పోల్చి చూశాకే దిగాలి. మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు కాబట్టి, ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. వాపు ఉన్న రోజు వ్యాయామం పూర్తిగా మానేయాలా?

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు)

మానకూడదు, తగ్గించాలి. ఉదయం, రాత్రి మోకాలి చిప్ప మధ్యగా టేపుతో కొలిచి రాసి పెట్టమనండి. రాత్రికి పెరిగిన కొలత మర్నాడు ఉదయానికి తగ్గకపోతే, ఆ రోజు మెట్లు, గుంజిళ్లు వదిలి, పడుకుని తొడ బిగించే వ్యాయామమూ, బరువు లేని సైకిలూ చేస్తే చాలు. ఆ కాగితాన్ని వచ్చే పరీక్షకు తీసుకెళ్లండి.