విజిట్ వీసా మీద పోయి చనిపోయినవాళ్ళకూ 5 లక్షలు ఇవ్వాలా?

కౌలురైతు_జగిత్యాల:
గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ ఇంటికి మన తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది కదా. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (బయటి దేశంలో పనికి పోనీకి సర్కారు అనుమతి) తీసుకొని, లైసెన్స్ ఉన్న ఏజెంట్ ద్వారా పోయినవాళ్ళకు ఇస్తే కాదనను. విజిట్ వీసా మీద పోయి, గడువు దాటాక ఖల్లివెల్లిగా, అంటే కాగితాల్లేకుండా దొంగచాటుగా పనిచేసినవాళ్ళకు ఎందుకు? తెలిసే కదా పోయింది.

షార్జా_మేస్త్రి:
ఎవరికి తెలుసన్నా? ఏజెంట్ తీసుకోవాల్సింది 30 వేలు, మీద జీఎస్టీ. మా ఊరి సబ్ ఏజెంట్ లక్షన్నర గుంజి, దిగాక వీసా మారుస్తానన్నాడు. దిగాక ఫోన్ ఎత్తలేదు. మాకు మేనమామ వరస, కేసు పెడదామంటే మా అమ్మే వద్దంది. ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాదంలో పోతే 10 లక్షలు, అదీ క్లియరెన్స్ మీద పోయినవాళ్ళకే. ఇంక ఈ 5 లక్షలు కూడా వద్దంటే ఇంటివాళ్ళు ఎవర్ని అడగాలి?

నిజామాబాద్_కుర్రాడు:
పది పాసైనవాళ్ళకు క్లియరెన్సే అక్కర్లేదు, ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్ట్. ముందు అది తెలుసుకోండి ఇద్దరూ.

కౌలురైతు_జగిత్యాల:
పదో తరగతి గురించి ఎవరడిగారు తమ్ముడూ. నేనడిగింది రూల్ తప్పినవాళ్ళ గురించి. రూల్ మాకొకటి, మీకొకటా?

షార్జా_మేస్త్రి:
మాటిమాటికీ రూల్ అంటావేంది, మా మీద ఏం కోపమో సూటిగా చెప్పు.

కౌలురైతు_జగిత్యాల:
చెప్తా విను. మా తమ్ముడు పోయినేడు గుండెపోటుతో పోయాడు. రైతు బీమా కూడా 5 లక్షలే, కానీ పట్టాదారు పాస్‌బుక్ ఉండాలంట. మాది కౌలు, కాగితం కూడా తీసుకోలేదు. మేం దున్నే నాలుగెకరాలు, దుబాయిలో ఉండే ఒకాయనవి. వీపుకు పంపు కట్టుకొని మందు కొట్టేది మేము, రైతుబంధు పడింది ఆయన ఖాతాలో. మీ పైసలొచ్చి ఎకరం ధర పెరిగిందే గానీ మేం కొనేటట్టు ఉందా?

నిజామాబాద్_కుర్రాడు:
అదీ అసలు సంగతి.

షార్జా_మేస్త్రి:
ఆయన మీద కోపముంటే ఆయన్నే అడుగు. నాకు గుంట భూమి లేదు, ఉంటే ఈ ఎండలో షట్టరింగ్ చెక్కలు మోస్తానా? కౌలువాళ్ళకూ బీమా కావాలని థ్రెడ్ పెట్టు, మొదటి మాట నాదే. మావాళ్ళకు ఆపమంటే మాత్రం ఊరుకోను.

కౌలురైతు_జగిత్యాల:
ఆ థ్రెడ్ మొన్న వానాకాలమే పెట్టాను. మీ గల్ఫ్‌వాళ్ళు ఒక్కరూ రాలేదు.