అప్‌డేట్: బొమ్మల కార్డులు మొదలుపెట్టిన తరువాత

రెండు మూడు మాటలే పలికే మా నాలుగేళ్ల అబ్బాయి ఏది కావాలన్నా తల నేలకు కొట్టుకుంటున్నాడని, కావలసినదాని బొమ్మ ఉన్న కార్డు ఇచ్చి అడగడం అలవాటు చేస్తే ఆ మాటలూ పోతాయేమోనని మూడు నెలల క్రితం అడిగాను.

థెరపిస్టు ముందుగా, వాడు అలా చేయడానికి ముందు ఏం జరిగిందో, తరువాత వాడికి ఏం దక్కిందో వారం పాటు మాచేత రాయించారు. చాలాసార్లు అది నీళ్ల కోసమో, బట్టలు తొడిగించుకోవడం తప్పించుకునేందుకో అని తేలింది. అదే అవసరాన్ని తీర్చే తేలికైన సంకేతాన్ని నేర్పడమే 1985లో కార్, డ్యూరాండ్ అనే పరిశోధకులు వివరించిన పద్ధతి. ఇప్పుడు నీళ్ల కార్డు ఇచ్చిన వెంటనే గ్లాసు అందిస్తున్నాము; ఆలస్యమైతే పాత దారే పడుతున్నాడు. (అడగకముందే అందించే అలవాటును మా అత్తగారు మానుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.) గత వారం కార్డు ఇస్తూ, నీళ్లు అనబోయి “నీ” అన్నాడు. బడిలో మాత్రం ఇంకా కార్డులు మొదలుపెట్టలేదు.