పిండి కొద్దీ రొట్టె: స్వతంత్ర చలరాశిని మన మాటల్లో ఏమనాల?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, మా పాప తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. మొన్న రాత్రి లెక్కల నోట్సు పట్టుకొచ్చి నాయనా ఇండిపెండెంట్ వేరియబుల్ అంటే ఏంది, డిపెండెంట్ వేరియబుల్ అంటే ఏంది, సారు రెండు తూర్లు చెప్పినాడు గానీ నాకు ఏది ఏదో తారుమారు అయితాంది అనింది. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియమోణ్ణి, ఠక్కున స్వతంత్ర చలరాశి, పరతంత్ర చలరాశి అనేసినా, నాకే గొప్పగా అనిపించింది కూడా. పాప నా మొహం చూసి ఇందాక కొంచెమన్నా అర్థమైంది, ఇప్పుడు అదీ పోయింది అనింది.

పక్కన మా అమ్మ జొన్నరొట్టెలు తట్టుకుంటా ఏందే ఆ గోల అని అడిగింది. పాప చెప్పింది, ఒకటి మారితే దాన్ని బట్టి ఇంకోటి మారతాదంట అవ్వా, రెండిట్లో ఏది ఏదో కనుక్కోవాలంట అని. మా అమ్మ పెనం మీద నుంచి చూపు తిప్పకుండానే, పిండి కొద్దీ రొట్టె, దాంట్లో కనుక్కునేదేముంది అనేసింది.

ఆ మాటతో పాపకు పట్టు దొరికింది. నోట్సులో రెండు గళ్లు గీసి, ఎడమ పక్క పిండి ఎన్ని పిడికిళ్లు, కుడిపక్క రొట్టెలు ఎన్ని అని రాసుకునింది. రెండు పిడికిళ్లకు ఒకటి, నాలుగింటికి రెండు, ఆరింటికి మూడు. అయిదు పిడికిళ్లయితే రెండున్నర కదా అవ్వా అంటే, సగం రొట్టె ఎవరు తడతారే, రెండు రొట్టెలు, మిగిలిన దాంతో పిల్లోనికి ఒక బుజ్జి రొట్టె అని జవాబు. ఆ లెక్క ఏ పుస్తకంలో లేదు, పాప మాత్రం అది కూడా రాసుకునింది.

నాకు రాత్రంతా నిద్ర పట్టలా, రొట్టె గురించి కాదు, ఆ ‘కొద్దీ’ గురించి. కొలది అనే మాటే కొద్ది అయింది కదా, కొలుచు, కొలత, కొలది అన్నీ ఒక కుదురువే. అంటే పిండి కొద్దీ అంటే పిండి కొలతను అనుసరించి అని. ‘బట్టి’ కూడా పట్టు నుంచి వచ్చిన పట్టి యే, వానను బట్టి పంట అంటే వానను పట్టుకొని పంట. ఏది ముందు పట్టుకుంటామో అది స్వతంత్రం, దాన్ని పట్టుకొని వచ్చేది రెండోది. ఇంత సులువైన మాటలు పెట్టుకొని మనం పిల్లోళ్లకు పరతంత్ర అని ఎందుకు చెప్తాండాం? మీ వైపు ఏమంటారో, బళ్లో మీకు ఏ మాట చెప్పినారో రాయండి. తెలుగు మాస్టార్లు, లెక్కల మాస్టార్లు ఇద్దరూ రావాల ఈ పోస్టుకు.

కర్నూలు, రిటైర్డ్ లెక్కల మాస్టారు:
వచ్చినానప్పా. ముందు ఒక చిక్కు విప్పుతా. బడి పుస్తకాల్లో ‘చరరాశి’ అని ఉంటాది, పదో తరగతిలో రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత అని పాఠం పేరే ఉంది. అదే పిల్లోడు ఇంటర్‌కు పోతే ‘చలరాశి’ అవుతాది, యాదృచ్ఛిక చలరాశులు అని చదవాల. చర అన్నా చల అన్నా కదిలేదే, రెండూ ఒకటే, కానీ ఏటా ఒకడన్నా లేచి సార్ ఇవి రెండు వేరే వేరేనా అని అడిగేవాడు. ఇంకో తమాషా ఏందంటే జ్యోతిషంలో కూడా చర రాశులు, స్థిర రాశులు ఉండాయి. మేషం, కర్కాటకం, తుల, మకరం చరం, వృషభం, సింహం, వృశ్చికం, కుంభం స్థిరం, మిగిలిన నాలుగు ద్విస్వభావం. నేను చరరాశి అని బోర్డు మీద రాస్తే వెనక బెంచీలో ఒకడు సార్ నాది తుల అన్నాడు ఒక తూరి. తిట్టలేక నవ్వినా. రాశి అంటే కళ్లంలో పోసిన కుప్ప కూడా కదా, కుప్ప అంటే పరిమాణం, చరరాశి అంటే మారే పరిమాణం అని చెప్తే ఊర్ల నుంచి వచ్చే పిల్లోళ్లకు టక్కున ఎక్కేది.

కడప, డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్:
పరతంత్ర మీద అంత కోపం వద్దన్నా. పాణిని కారకాలు చెప్పేటప్పుడు ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు, 1.4.54 సూత్రం. వాక్యంలో క్రియ విషయంలో ఎవరి మీదా ఆధారపడనిది కర్త అని. లెక్కల్లో స్వతంత్ర చలరాశిది కూడా దాదాపు ఆ పాత్రే. తంత్రం అంటే మగ్గం అని కూడా అర్థం ఉంది, ధర్మవరం వాళ్లకు చెప్పాల్సిన పని లేదు, పడుగు ఎవరి చేతిలో ఉంటే నేత వాళ్లది. నాకు నచ్చనిది ‘ఆధారిత’. ఈ మధ్య కొన్ని అనువాదాల్లో ఆధారిత చరరాశి అని చూస్తాండా, ప్రతిదానికీ ‘ఆధారిత’ తగిలించే అలవాటు ఇక్కడికీ వచ్చింది. అస్వతంత్ర అని ఇంకొందరు రాస్తారు, అది నోరు తిరగదు, పైగా పరీక్షలో అ కనపడక స్వతంత్ర అని చదివేసి మార్కులు పోగొట్టుకుంటారు.

‘ఎంత చెట్టుకు అంత గాలి’ అన్నట్టు మనం ‘ఎంత అంత’ అంటాం కదా, ఆ మాటకు పాత చుట్టం ఒకటి ఉంది. భాస్కరాచార్యుడు బీజగణితంలో తెలియని రాశికి ‘యావత్ తావత్’ అని పేరు పెట్టుకున్నాడు, అంటే ఎంతో అంత అని. రెండోది కావాల్సొస్తే కాలకం, ఆ తర్వాత నీలకం, పీతకం, లోహితకం, అంటే నలుపు, నీలం, పసుపు, ఎరుపు. ఇప్పటి ఎక్స్, వై కంటే రంగులుగా ఉండేవి.

పోస్టు పెట్టినాయన:
యావత్ తావత్ బాగుంది సార్. మా పాపకు ఎంత చెట్టుకు అంత గాలి అని చెప్పినా, చెట్టు స్వతంత్రం, గాలి పరతంత్రం అని. కరెక్టే కదా?

కళ్యాణదుర్గం, సేద్యం:
మధ్యలో దూరతాండా, ఏమనుకోవద్దండి, నేను డిగ్రీ ఫెయిలు. మీరు పైన వానను బట్టి పంట అని రాసినారు చూడండి, అది కరెక్టు. దాన్నే ఎంత వానకు అంత పంట అని రాసింటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. మా జిల్లాకు ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. 300 పడిన ఏడు పంట ఎండుతాది, సరే. కానీ 800 పడిన ఏడు రెండింతలు వస్తాదా? రాదు. మాది శనక్కాయ, ఊడలు దిగేటప్పుడు ఒక్క పదును వాన పడితే చాలు, అది లేక మిగతా ఎప్పుడు ఎంత పడినా చెట్టు పచ్చగా ఉంటాది కింద కాయ ఉండదు. ఒక ఏడు చెట్లు పెరికి వామి వేసే ముందు వరుసలు తిప్పి ఆరబెట్టినాం, మూడు దినాలు ఆగకుండా పట్టుకునింది ముసురు, కాయ కాయకూ మొలకొచ్చింది, వాసన చూస్తే మేపు కూడా పశువులు ముట్టలేదు. ఆ ఏడు రికార్డులో వాన మంచి వానే. అందుకే మా నాయన ఎప్పుడూ ‘వానను బట్టి’ అనేవాడు, ‘వాన కొద్దీ’ అని అనంగ నేను వినలా.

కర్నూలు మాస్టారు:
అబ్బా, డిగ్రీ ఫెయిలు అని ఎవరన్నారయ్యా నిన్ను. ఈ మాట నేను ముప్పై ఏండ్లు చెప్పినా ఇంత బాగా చెప్పలా. ‘బట్టి’ అంటే ఆధారపడి ఉంది అని మాత్రమే, పెరగొచ్చు, తగ్గొచ్చు, ఒక చోట పెరిగి ఇంకో చోట తగ్గొచ్చు. అదే అసలైన ప్రమేయం, ఇంగ్లీషులో ఫంక్షన్ అంటారే అది. ‘కొద్దీ’ అంటే ఒకే దిక్కున పోవాల. తినే కొద్దీ రుచి, ఎండలు ముదిరే కొద్దీ బోర్లో నీళ్లు తగ్గుతాయి, పైకైనా కిందికైనా మధ్యలో మలుపు ఉండదు. ‘ఎంత అంత’ ఇంకా గట్టిది, రెండింతలకు రెండింతలు, అనులోమానుపాతం వాసన వస్తాది దాంట్లో. మన భాషలో మూడు మెట్లు ఉండాయి, నేను ఇన్నాళ్లు మూడిటినీ కలిపి వాడేసినా. ఇంకోటి, వాన ఒక్కటే కాదు, ఎప్పుడు పడింది అనేది కూడా ఒక స్వతంత్ర చలరాశే. పంట ఒకటే, దాన్ని నడిపేవి నాలుగు. నీళ్లు, ఎరువు మార్చకుండా ఉంచి విత్తనం ఒక్కటి మార్చి చూస్తే అప్పుడు విత్తనాన్ని బట్టి పంట ఎట్ల మారిందో తెలుస్తాది, ప్రయోగం అంటే అంతే, అన్నీ ఒకేసారి మారిస్తే ఏ పుణ్యం ఎవరిదో తెలీదు.

చెట్టూ గాలీ సంగతి: సామెత వరకు కరెక్టే. కానీ చెట్టు వల్ల గాలి పుట్టిందని పాప రాసిందంటే సైన్సు సారు కొట్టేస్తాడు, జాగ్రత్త. ఒకటి ఇంకోదాన్ని బట్టి ఉంది అనడం, ఒకటి ఇంకోదానికి కారణం అనడం ఒకటి కాదు.

నందికొట్కూరు:
నాకు ఒక డౌటు. రోజూ పేపర్లో శ్రీశైలం నీటిమట్టం ఇన్ని అడుగులు, నిల్వ ఇన్ని టీఎంసీలు అని రెండూ వేస్తారు. నిండితే 885 అడుగులు, 215.81 టీఎంసీలు. మా వైపు చిన్నపిల్లోణ్ణి లేపి అడిగినా కనీస మట్టం 854 అడుగులు అంటాడు, శ్రీశైలం నీళ్లు మా సీమకు వదిలే పోతిరెడ్డిపాడు దిక్కు చూసుకుంటా బతికేవాళ్లం. ఇప్పుడు దీంట్లో ఏది స్వతంత్రం ఏది పరతంత్రం? నీళ్లు వస్తేనే కదా మట్టం పెరిగేది, కాబట్టి టీఎంసీలు స్వతంత్రం అనుకున్నా. మా బామ్మర్ది ఒప్పుకోడు. డ్యామ్ కాడ స్కేలు చూసి ముందు అడుగులు రాసుకుంటారు, దాన్ని బట్టి పట్టికలో టీఎంసీలు చూస్తారు, కాబట్టి అడుగులే స్వతంత్రం అంటాడు. పెండ్లిలో అన్నం మీద కూర్చొని గొడవ.

కర్నూలు మాస్టారు:
ఇద్దరూ గెలిచినారు, అన్నం తినండి. మట్టం పెరిగే కొద్దీ నిల్వ పెరుగుతాది, ఎక్కడా వెనక్కి తిరగదు, కాబట్టి ఏ పక్క నుంచి పట్టుకున్నా రెండో పక్క ఒకే జవాబు వస్తాది. స్వతంత్రం అనేది ఆ రాశి పుట్టుకతో తెచ్చుకున్న గుణం కాదు నాయనా, మనం దాన్ని ఏ కుర్చీలో కూర్చోబెట్టినాం అనేది. అన్ని చోట్లా ఇట్ల తిప్పలేం. ఒక అంకెను దాంతోనే గుణించు, 3 కి 9, మైనస్ 3 కి కూడా 9. ఇప్పుడు 9 ఇచ్చి వెనక్కి రమ్మంటే యాడికి రావాల? రెండు దోవలు. అప్పుడు తిప్పడానికి ప్రమేయం ఒప్పుకోదు.

పట్టిక కూడా శాశ్వతం అనుకోవద్దు. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, అవే 885 అడుగులు. పూడిక పేరుకుపోయి ఇప్పుడు అదే మట్టానికి 215 చిల్లర. అడుగు మారలా, టీఎంసీ మారింది.

ఆదోని, ఎకనామిక్స్ చెప్తాను:
కుర్చీ మాట భలే ఉంది సార్. మా సబ్జెక్టులో కుర్చీలే తారుమారు. లెక్కల్లో స్వతంత్ర చలరాశి అడ్డం గీత మీద, రెండోది నిలువు గీత మీద కదా. డిమాండ్ రేఖ గీసేటప్పుడు ధరను బట్టి కొనేది మారతాది అని నోటితో చెప్పి, ధరను తీసుకుపోయి నిలువు గీత మీద పెడతాం. 1890లో ఇంగ్లండు ఎకనామిస్టు ఆల్ఫ్రెడ్ మార్షల్ పుస్తకం వచ్చినప్పటి నుంచి ఇదే అలవాటు, ఆయన ఎంత సరుకు వచ్చింది అనే పక్క నుంచి ధరను చూసినాడు. పత్తికొండ టమేటా మార్కెట్‌కు పొద్దున పోయి నిలబడితే మార్షలే కరెక్టు అనిపిస్తాది, బండ్లు ఎన్ని దిగినాయో చూసి రేటు చెప్తారు అక్కడ. ఇంట్లో ఆడోళ్లు రేటు చూసి అర కిలోనా రెండు కిలోలా అనుకుంటారు. ఒకే టమేటా. మ్యాథ్స్ నుంచి వచ్చిన పిల్లోళ్లు మొదటి నెల అంతా నాతో కొట్లాడతారు, సార్ మీరు తిరగేసి గీసినారు అని.

ప్రొద్దుటూరు:
ప్రమేయం, ప్రమేయం అంటాండారు, ఆ మాటను ముందు మార్చండి సామీ. నా ప్రమేయం లేదు అంటే నాకు సంబంధం లేదు అని కదా అందరికీ తెలిసింది. పోలీసు స్టేషన్ మాట అది.

కడప లెక్చరర్:
హహ, ఆ పదం ఇంక మారదు లెండి. కానీ పాత గణితంలో ఇంకా మంచి జంట ఉండేది. త్రైరాశికం గుర్తుందా? ఆర్యభటుడు 499లోనే చెప్పినాడు, ఆ తర్వాత తెలుగులో పావులూరి మల్లన గణితం రాసినప్పుడు కూడా ఇదే దారి. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. రెండు పిడికిళ్లు ప్రమాణం, ఒక రొట్టె దానికి ఫలం, పది పిడికిళ్లు నీ ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే అయిదు రొట్టెలు ఇచ్ఛాఫలం. నీ ఇష్టం వచ్చిన అంకె పెట్టుకో అనేది ఇచ్ఛ, దాన్ని బట్టి దక్కేది ఫలం. అనుపాతం వరకే పనికొస్తాది అనుకోండి, అన్ని ప్రమేయాలకూ ఇది సరిపోదు. అయినా పరతంత్ర కంటే ఫలం నోటికి తీపి, ఇది నేనే ఒప్పుకుంటా.

పోస్టు పెట్టినాయన:
మొత్తం పాపకు చదివి వినిపించినా. శ్రీశైలం కాడ ఆపి, అయితే నాయనా లెక్కలో ఏది ఇచ్చినారో అది ఇండిపెండెంట్, ఏది అడిగినారో అది డిపెండెంట్, అంతేనా అనింది. అంతే అని చెప్పొచ్చా మాస్టారూ?

కర్నూలు మాస్టారు:
తొమ్మిదో తరగతికి చాలు. ఒకటి ఇస్తే రెండోది ఒక్కటే రావాల అనేది మాత్రం మర్చిపోవద్దని చెప్పు.

పోస్టు పెట్టినాయన:
చెప్పినా. ఇంకో సంగతి, ఇప్పుడే మా అమ్మ సంచి చేతికిచ్చింది, రేపు చెల్లెలోళ్లు వస్తాండారు, ఇరవై రొట్టెలు గావాల, మిషనుకు పోయి జొన్నలు పట్టించుకొని రా అని. ఎన్ని జొన్నలు పొయ్యాల అని అడిగితే, రొట్టె కొద్దీ పిండి, నీ బిడ్డను అడుగు అనింది. పాప నోట్సు తీసి గళ్ల మీద పేర్లు అటూ ఇటూ మారుస్తాంది.