నొప్పి లేని పిత్తాశయ రాయికి ఆపరేషన్ చేయించాలా, వద్దా?

ఖమ్మం నుంచి ఒక కుమారుడు:

మా అమ్మ వయసు 61 సంవత్సరాలు. పదేళ్లుగా ఉన్న షుగరు మాత్రలతో అదుపులోనే ఉంది. గత నెల మాస్టర్ హెల్త్ చెకప్ చేయించినప్పుడు, పిత్తాశయంలో 14 మిల్లీమీటర్ల రాయి ఒకటి, దానితోపాటు చిన్న రాళ్లు కొన్ని ఉన్నట్లు అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో తేలింది. తనకు నొప్పి ఏమీ లేదని అమ్మ అంటోంది. రిపోర్టు చూసిన సర్జన్ గారు తీయించుకోవడమే మంచిదన్నారు. ఇరవై ఏళ్లుగా మా ఇంటిల్లిపాదినీ చూస్తున్న డాక్టరు గారు మాత్రం, బాధ పెట్టని రాయి జోలికి వెళ్లవద్దన్నారు. అమ్మ మే నెలలో న్యూజెర్సీలోని మా అక్క దగ్గరికి వెళ్లి ఆరు నెలలు ఉండాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు కాబట్టి, ఆపరేషన్ చేయించే పంపమని అక్క పట్టుబడుతోంది. ఎటు తేల్చుకోవాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాజమహేంద్రవరం నుంచి:

ఆలస్యం చేయకుండా తీయించండి. మా నాన్నగారికీ నొప్పి లేదనే నాలుగేళ్లు ఊరుకున్నాం. ఒక రాత్రి చిన్న రాయి ఒకటి జారి పిత్తనాళంలో ఇరుక్కోవడంతో క్లోమ గ్రంథి వాచింది. ఆయన 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, అందులో ఆరు రోజులు ఐసీయూలోనే గడిచాయి. పెద్ద రాయి సంచిలోనే పడి ఉండవచ్చు గానీ చిన్న రాయి నాళంలోకి దిగుతుంది, మీ రిపోర్టులో చిన్న రాళ్లు ఉన్నాయన్న సంగతి మరువకండి. ఈ రోజు మీ అమ్మగారు నడుస్తున్నారు, షుగరు అదుపులో ఉంది. ఐదేళ్ల తర్వాత అర్ధరాత్రి అత్యవసరంగా చేయించవలసి వస్తే ఇంత అనుకూలంగా ఉండదు.

విశ్రాంత ఫిజీషియన్, వరంగల్:

మీ నాన్నగారు పడిన బాధ చిన్నది కాదు. క్లోమ వాపు తగ్గిన తర్వాత పిత్తాశయాన్ని వాయిదా వేయకుండా తీసివేయాలన్న విషయంలో నాకు రెండో మాట లేదు. వీలైతే అదే అడ్మిషన్‌లో తీయడం మేలని నెదర్లాండ్స్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశీలన చూపింది. అయితే ఇక్కడి ప్రశ్న వేరు. ఇంతవరకూ నోరు మెదపని రాయి గురించి అడుగుతున్నారు.

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ అధ్యాపకులలో ఇటువంటి నిశ్శబ్ద రాళ్లున్న 123 మందిని ఏళ్ల తరబడి గమనించి 1982లో ఫలితాలు ప్రకటించారు. ఇరవై ఏళ్లలో నొప్పి మొదలైనది సుమారు 18 శాతం మందికే, అంటే ఐదుగురిలో నలుగురు ఆ రాయితోనే నిశ్చింతగా బతికారు. మొదలైనవారిలోనూ తొలి సూచన చాలావరకు మామూలు నొప్పే తప్ప నేరుగా ప్రాణాపాయం కాదు.

మరోవైపు ఆపరేషన్ పూర్తిగా నిరపాయం కాదు. అరుదుగానే అయినా, వెయ్యిమందిలో కొద్దిమందికి ప్రధాన పిత్తనాళం తెగుతుంది లేదా దెబ్బతింటుంది. ఆ గాయాన్ని సరిచేయడానికి మరో పెద్ద ఆపరేషన్ కావలసి రావచ్చు, ఇబ్బందులు ఏళ్లపాటు వెంటాడవచ్చు. నొప్పితో విలవిలలాడే మనిషికి ఆ అపాయం భరించదగినదే. ఏ బాధా లేని మనిషి మీద ఆ బరువు ఎందుకు పెట్టాలన్నదే నా ప్రశ్న. జర్మనీలో ఎరిక్ మ్యూహె 1985లో ఈ ఆపరేషన్‌ను తొలిసారి లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపి చేశారు, మన దేశంలో 1990లో ముంబయిలో టెహెంటన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. కోత చిన్నదయ్యాక అమెరికాలో ఆపరేషన్ల సంఖ్య గణనీయంగా పెరిగింది. జబ్బు పెరగలేదు, తీయిద్దామనే నిర్ణయం సులువైంది. ఈ మార్పు నాకు ఇప్పటికీ ఆందోళన కలిగిస్తుంది.

షుగరు ఉన్నంత మాత్రాన నిశ్శబ్ద రాయిని తీయాలన్న పాత అభిప్రాయాన్ని నేటి వైద్యం చాలావరకు వదిలిపెట్టింది. రాయి 3 సెంటీమీటర్లు దాటినా, పిత్తాశయంలో 1 సెంటీమీటరుకు మించిన పాలిప్ (చిన్న కండ పెరుగుదల) ఉన్నా, పిత్తాశయం గోడలో కాల్షియం పేరుకున్నా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధి ఉన్నా మాత్రం ముందుగానే ఆలోచించాలి. గంగా మైదానంలో పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువ కాబట్టి అక్కడి సర్జన్ల జాగ్రత్త వేరు, మన ప్రాంతంలో ఆ ముప్పు అంత లేదు.

రాజమహేంద్రవరం నుంచి:

డాక్టరు గారికి నమస్కారం. మీరు చెప్పిన 123 మందిలో 110 మంది మగవాళ్లేనని చదివాను. ఒక విశ్వవిద్యాలయంలోని మగ అధ్యాపకుల లెక్కను, షుగరు ఉన్న 61 ఏళ్ల మన తెలుగు తల్లికి ఎలా వర్తింపజేస్తాం?

విశ్రాంత ఫిజీషియన్, వరంగల్:

మీ అభ్యంతరం న్యాయమైనది. అందుకే ఆ ఒక్కదాని మీదే నేను ఆధారపడను. ఇటలీలో సాధారణ ప్రజలలో, స్త్రీలూ పురుషులూ ఇద్దరినీ కలిపి సగటున ఎనిమిదేళ్లకు పైగా గమనించిన పరిశీలన 2010లో వచ్చింది. మొదట బాధ లేనివారిలో 78 శాతం మందికి చివరివరకూ బాధ రాలేదు. అయినా, మన ప్రాంతపు మనుషుల మీద అంతటి దీర్ఘ పరిశీలన ఉంటే నా మాటకు మరింత బలం ఉండేదని ఒప్పుకుంటాను.

హైదరాబాద్‌లో సర్జరీ వార్డు నర్సు:

ఇద్దరి వాదనా చదివాను. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. అమ్మగారికి నొప్పి లేదని ఎవరు చెప్పారు, ఆమెను ఏమని అడిగితే చెప్పారు? ఆ వయసు ఆడవాళ్లు నొప్పిని నొప్పి అనరు. "గ్యాస్ పట్టింది", "తిన్నది అరగలేదు", "వీపు పట్టేసింది" అంటారు. పద్ధెనిమిదేళ్లుగా వార్డులో వింటున్న మాటలివి.

ఈ విధంగా అడిగి చూడండి. డొక్కలో కుడివైపున గానీ పొట్ట పైభాగం నడుమ గానీ, అరగంటకు తగ్గకుండా ఒక్కోసారి గంటల తరబడి నిలిచి, కుడి భుజం ఎముక కిందికి లాగే నొప్పి ఎప్పుడైనా వచ్చిందా? విందు భోజనం తర్వాత, రాత్రిపూట వచ్చిందా? అటువంటిదైతే అది రాయి నొప్పే కావచ్చు. రోజూ తేన్పులు, కడుపు ఉబ్బరం, ఛాతీలో మంట మాత్రమే ఉంటే, పిత్తాశయం తీసినా అవి అలాగే ఉండిపోయే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక "ఇంకా గ్యాస్ తగ్గలేదమ్మా" అని దిగులుగా వచ్చేవారిని చూస్తే మనసు కష్టపడుతుంది.

అరటి దూట రసం, కొండపిండి ఆకు కషాయం అని బంధువులు తప్పక చెబుతారు. అవి మూత్రపిండాల రాళ్లకు వాడుకలో ఉన్నవి, పిత్తాశయానికీ మూత్రానికీ దారి కలవదు. అర్సోడియాక్సీకోలిక్ మాత్రలు చిన్నవైన కొలెస్ట్రాల్ రాళ్లను నెలల తరబడి వాడితే కరిగించగలవు గానీ మానేశాక రాళ్లు తిరిగి ఏర్పడటం మామూలే. దక్షిణాదిలో ఉత్తరాది కంటే ఎక్కువగా కనిపించే పిగ్మెంట్ రాళ్ల (పిత్తరసపు రంగు పదార్థంతో ఏర్పడేవి) మీద అవి పనిచేయవు. పిత్తాశయం తీశాక పత్యం జీవితాంతం ఉండదు, పిత్తరసం కాలేయంలోనే తయారవుతుంది కాబట్టి తిండి అరుగుతుంది. కొందరికి మాత్రం విరేచనాలు పలచబడతాయి, చాలామందిలో అది క్రమంగా తగ్గుతుంది.

ఖమ్మం నుంచి ఒక కుమారుడు:

నర్సు గారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి అక్కను వీడియో కాల్‌లో ఉంచి, మీరు రాసిన ప్రశ్నలు ఒక్కొక్కటే అమ్మను అడిగాం. మా పిన్ని కూతురి పెళ్లి నాటి రాత్రి ఒకసారి, దసరాకు మరోసారి, రెండు గంటలకు పైగా పొట్ట పైభాగం నుంచి కుడి రెక్క కిందికి లాగి చెమటలు పోశాయట. మమ్మల్ని లేపడం ఇష్టం లేక గ్యాస్ మాత్ర వేసుకుని హాల్లో కూర్చుందట. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు.

విశ్రాంత ఫిజీషియన్, వరంగల్:

అయితే నా సమాధానం మారుతుంది. ఇది ఇక నిశ్శబ్ద రాయి కాదు. అయినా తొందర అక్కరలేదు. బ్రిటన్‌లో 434 మంది మీద జరిగి 2023లో వెలువడిన పరిశీలనలో, నొప్పి ఉన్నా ఇతర ఇబ్బందులు లేనివారిలో ఆపరేషన్ దారిలో పెట్టినవారికీ ఆగి చూసినవారికీ 18 నెలల తర్వాత నొప్పిలో పెద్ద తేడా కనిపించలేదు. ఆగినవారిలో నాలుగోవంతు మందే ఆ లోపు ఆపరేషన్ చేయించుకున్నారు. కాబట్టి నిర్ణయం అమ్మగారిదే కావాలి. అయితే వైద్యం ఖరీదైన చోట, సొంత డాక్టరుకు దూరంగా ఆరు నెలలు ఉండబోయే మనిషికి, రెండుసార్లు నొప్పి వచ్చాక, చేయించుకుని వెళ్లడంలో తప్పు లేదని ఇప్పుడు అంటాను. ముందు లివర్ ఫంక్షన్ టెస్టు చేయించండి. అందులో తేడా ఉన్నా, స్కానింగ్‌లో పిత్తనాళం వెడల్పుగా కనిపించినా, నాళంలో రాయి ఉందేమో ఎంఆర్‌సీపీతో (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కానింగ్) చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. పచ్చకామెర్లు, జ్వరం, తగ్గని నొప్పి కనిపిస్తే మాత్రం ఏ చర్చా వద్దు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

ఖమ్మం నుంచి ఒక కుమారుడు:

లివర్ టెస్టు మామూలుగానే వచ్చింది, పిత్తనాళం కూడా సన్నగానే ఉందట. రెండు దారులూ అమ్మకు వివరించాం. రెండు రోజులు ఆలోచించుకుని, సంక్రాంతి వెళ్లాక చేయించుకుంటానంది. అప్పటివరకు నొప్పి వస్తే ఎంత రాత్రయినా నన్ను లేపుతానని మాట ఇచ్చింది.