కెంటకీ డెర్బీకి అమ్మానాన్నలతో వెళ్దామనుకుంటున్నాం, ఏ సీట్లు తీసుకోవాలి?

మేసన్_కోడలు:

అందరికీ నమస్తే. మేము సిన్సినాటి దగ్గర మేసన్‌లో ఉంటాం. ఏప్రిల్ నెలాఖరుకి మా అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ నయాగరా, న్యూయార్క్, రెండు గుళ్ళు, ఒక అవుట్‌లెట్ మాల్ తిప్పి పంపించేస్తాం. ఈసారి నాన్న తనంతట తానే నోరు తెరిచి ఒకటి అడిగారు, "కెంటకీ డెర్బీ మీకు దగ్గరే కదమ్మా, చూపిస్తావా" అని. అదే, ఏటా మే నెలలో లూయీవిల్‌లో జరిగే పెద్ద గుర్రప్పందెం. ఆయన సైదాబాద్‌లో పెరిగిన మనిషి, పెళ్ళికి ముందు మలక్‌పేట రేసులకి తెగ వెళ్ళేవారట. అమ్మకి ఆ మాట ఎత్తితేనే గిట్టదు కాబట్టి మా ఇంట్లో ఆ చరిత్ర ఎప్పుడూ బయటికి రాలేదు.

సరే అని టికెట్ల పేజీ తెరిస్తే బుర్ర తిరిగిపోయింది. ఇన్‌ఫీల్డ్ అంట, 100, 200, 300 లెవెల్ అంట, క్లబ్‌హౌస్, గ్రాండ్‌స్టాండ్, ఫస్ట్ టర్న్, ఒక్కోదానికీ ఒక్కో రేటు. మా ఆయన మాత్రం "ఇన్‌ఫీల్డ్ చవక, ట్రాక్‌కి నడిమధ్యలో ఉంటాం, చుట్టూ గుర్రాలే, ఇంకేం కావాలి" అని ఒకటే మాట. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బాబుకి తొమ్మిదేళ్ళు, మొత్తం ఐదుగురం. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ప్లీజ్.

ఇన్‌ఫీల్డ్_బాధితుడు:

మీ వారిని ఒకసారి నా దగ్గరకి పంపించండి, నేను మాట్లాడతా.

2018లో మేం ఆరుగురం ఫ్రెండ్స్ ఇదే లెక్క వేసుకుని ఇన్‌ఫీల్డ్‌కి వెళ్ళాం. ట్రాక్ కింద సొరంగంలోంచి నడిచి మధ్యలో మైదానంలోకి తేలతారు, అంతవరకు భలే ఉంటుంది. ఆ రోజు వాన. మామూలు వాన కాదు, డెర్బీ చరిత్రలోనే అంత తడిసిన రోజు లేదన్నారు. గొడుగులు లోపలికి రానివ్వరు, ఒక పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు కప్పుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడ్డాం. రేసు టైముకి కంచె దగ్గర జనం పది వరసలు. నాకు కనిపించింది ముందువాడి వీపు, వాడి కోటు మీంచి జారుతున్న నీళ్ళు. ఒక్కసారిగా అరుపులు వినిపించాయి, నాలుగైదు జాకీల టోపీలు రంగు రంగుల గీతలా సర్రున పోయాయి, అంతే. పెద్ద తెర ఉంది, లేదని కాదు, తల ఎత్తితే కళ్ళల్లో వాన. జస్టిఫై అనే గుర్రం గెలిచిందన్న సంగతి నేను ఫోన్‌లో చూసి తెలుసుకున్నా, దానికోసం ఇంట్లో కూర్చున్నా సరిపోయేది.

పాతికేళ్ళ వయసులో పార్టీ కోసమైతే ఇన్‌ఫీల్డ్‌ని మించింది లేదు. గుర్రాలు చూడాలనుకునే పెద్దాయనకీ, మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మకీ, చిన్న పిల్లాడికీ అది చోటు కాదు. తాగి ఒళ్ళు తెలియకుండా పడేవాళ్ళు కూడా అటువైపే ఎక్కువ.

పెసరట్టు_ప్రియుడు:

నేను చెప్తే తిడతారు గానీ, రెండు నిమిషాల రేసుకి ఐదుగురికి టికెట్లు, పార్కింగు, తిండి కలిపి వేలల్లో పోస్తారా? ఇన్‌ఫీల్డే మనిషికి వంద డాలర్లు దాటిపోయింది. ఇంట్లో పెద్ద టీవీ పెట్టి, వేడివేడిగా పెసరట్లు వేసి, నాన్నగారిని సోఫాలో కూర్చోబెట్టండి. జాకీ మొహం మీద మట్టి కూడా కనపడుతుంది.

మేసన్_కోడలు:

టీవీలో అయితే ఆయన సైదాబాద్‌లోనే చూస్తారండీ :) ఇంత దూరం వస్తున్నది దానికి కాదు కదా. ఇన్‌ఫీల్డ్ సంగతి మా ఆయనకి చదివి వినిపించా, మొహం మాడ్చుకున్నారు. మరి సీట్లలో ఏవి మంచివి?

లూయీవిల్_వాసి:

పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నా, డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ మైదానం మా ఇంటికి పది నిమిషాలు. సీట్ల గురించి అడిగే ముందు ట్రాక్ ఎలా ఉంటుందో తెలుసుకుంటే సగం గందరగోళం పోతుంది. ట్రాక్ చుట్టుకొలత ఒక మైలు, డెర్బీ దూరం మైలుంపావు. కాబట్టి గుర్రాలు స్టాండ్ ఎదుట ఉన్న స్ట్రెచ్ (తిన్నటి దారి) మొదట్లో బయలుదేరి, జనం ముందునుంచి ఒకసారి వెళ్ళి, మొత్తం చుట్టు తిరిగి, మళ్ళీ అదే స్ట్రెచ్‌లోకి వచ్చి ముగిస్తాయి. అంటే స్టాండ్ పొడుగునా ఎక్కడ కూర్చున్నా రెండుసార్లు మీ ముందునుంచే పోతాయి. గ్రాండ్‌స్టాండ్ చివరి సెక్షన్లయితే స్టార్టింగ్ గేటు దగ్గర, 20 గుర్రాలు ఒక్కసారిగా బయటికి దూకటం బాగా కనిపిస్తుంది. ఫినిష్ లైన్ ఎదుటి సీట్లకి రేటు ఎక్కువ, ఎందుకో చెప్పక్కర్లేదు. ఫస్ట్ టర్న్, అంటే మొదటి మలుపు వైపు కూర్చుంటే గుర్రాలు మీ మీదికే వస్తున్నట్టుంటుంది, ఒళ్ళు జలదరిస్తుంది, కానీ చివర్లో ఎవరు ముందున్నారో అక్కడినుంచి తేలదు. అయినా 2024లో మిస్టిక్ డాన్ అనే గుర్రం ఇంకో రెండిటితో కలిసి ముక్కుల తేడాతో వచ్చినప్పుడు ఫినిష్ లైన్ ఎదుట కూర్చున్నవాళ్ళకే తేలలేదు, అది వేరే సంగతి.

ఇక లెవెల్స్. 100 అంటే కింద, కంచెకి దగ్గర. డెక్కల చప్పుడు ఛాతీలో తగులుతుంది, నిజంగా. కానీ ముందు వరసలకి పైకప్పు ఉండదు, పైగా గుర్రాలు రాగానే ముందువాళ్ళంతా లేచి నిలబడతారు, అమ్మగారు కూడా లేవాల్సిందే. కొన్ని చోట్ల సీటంటే బెంచీయే, వీపు ఆనించుకోవటానికి ఏమీ ఉండదు, పది గంటలు అలా కూర్చోవటం కుర్రాళ్ళకే కష్టం. 200లో నీడ ఉంటుంది గానీ నెత్తిమీద మూడో అంతస్తు, మధ్యలో స్తంభాలు. 300లో పైకప్పు ఉన్న సీట్లు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి, ట్రాక్ అంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది, వెనక వైపు గుర్రాలు స్థానాలు మార్చుకోవటం కూడా. రేసులు తెలిసిన మనిషికి కావాల్సింది అదే. మోకాళ్ళ సంగతి టికెట్ కొనేటప్పుడే చెప్పి మెట్లు తక్కువ ఉన్న సీట్లు అడగండి, అక్కడికి వెళ్ళాక మార్చమంటే ఎవరూ మార్చరు.

ఎండ గురించి భయపడకండి. మొదట కట్టిన స్టాండు సాయంత్రం ఎండ కళ్ళల్లో కొట్టే వైపు ఉండేదట, ఆ బాధ పడలేక అవతలి వైపుకి మార్చి, 1895లో ఆ జంట గోపురాలున్న స్టాండు కట్టారు. ఇప్పుడు సాయంత్రం సూర్యుడు మన వెనకే ఉంటాడు.

ఇంత చెప్పాక అసలు మాట. మా ఊరివాళ్ళం చాలామంది శనివారం వెళ్ళం. అది డెర్బీ జరిగే రోజు, లక్షన్నర మంది వస్తారు, బాత్రూముకి వెళ్ళొచ్చేసరికి ఒక రేసు అయిపోతుంది. ముందు శుక్రవారం ఓక్స్‌కి (ఆడ గుర్రాల పెద్ద రేసు) వెళ్ళేవాళ్ళం, అక్కడా లక్ష దాటిపోయారు. అందుకే గురువారానికి జరిగాం, దాని పేరే 'థర్బీ'. అదే ట్రాక్, అదే స్టాండ్, మంచి గుర్రాలు, టికెట్ శనివారం రేటులో చిన్న ముక్క. మీరు కొనాలనుకునే 300 లెవెల్ సీట్లు డెర్బీకి చాలావరకు ఓక్స్‌తో కలిపి రెండు రోజుల ప్యాకేజీగా అమ్ముతారు, మీకు శుక్రవారం అక్కర్లేకపోయినా డబ్బు కట్టాల్సి రావచ్చు, అది కూడా లెక్కలో వేసుకోండి.

స్తంభం_వెనక:

పై అన్నయ్య స్తంభాల మాట అన్నాడు కాబట్టి నా గోడు కూడా వినండి. నేను ఒక రీసేల్ సైట్‌లో కొన్నా, పేరు చెప్పను. బొమ్మలో ట్రాక్ మొత్తం కనిపించింది, రేటు చూస్తే పక్క సీట్లకంటే తక్కువ, లాటరీ తగిలిందనుకున్నా. వెళ్ళి కూర్చుంటే సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా ఆకుపచ్చ ఇనుప స్తంభం. ఎడమ కన్నుకి స్ట్రెచ్, కుడి కన్నుకి ఫస్ట్ టర్న్, ఫినిష్ లైన్ స్తంభానికి. రోజంతా పక్కావిడ భుజం మీదికి వాలి చూశా, ఆవిడ టోపీ ఒక గంప అంత ఉంది, అది ఇంకో స్తంభం. టికెట్ మెయిల్ మళ్ళీ తెరిచి చూస్తే కింద చిన్న అక్షరాల్లో 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అని ఉంది. చుట్టుపక్కల సీట్లకంటే తక్కువ రేటుంటే ఎందుకు తక్కువో కనుక్కున్నాకే కొనండి. రోడ్డుకి దగ్గర సీటు, వరస నంబరు, పైకప్పు ఉందా లేదా, ఈ మూడూ రాసి ఉండని టికెట్ నేనైతే ముట్టుకోను. రోడ్డు కాదు, నడవ, రాత్రి టైములో టైప్ చేస్తున్నా.

మలక్‌పేట_పాత_కాపు:

అమ్మా, మీ నాన్నగారి గురించి రాసిన పోస్టు చూసి ఆగలేక రాస్తున్నా. డల్లాస్‌లో ఉంటా, ఒకప్పుడు మలక్‌పేటలో సెకండ్ ఎన్‌క్లోజర్ మనిషిని. సీటు ఏదైనా ఆయన కూర్చోడు, రాసిపెట్టుకోండి. రేసుకీ రేసుకీ మధ్య పాడక్ దగ్గరే, అంటే రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి చూపించే చోటే నిలబడతాడు. పాత అలవాటు అది, గుర్రం నడక చూడాలి, చెమట పట్టిందా లేదా చూడాలి, చెవులు ఎటున్నాయో చూడాలి. చర్చిల్ డౌన్స్‌లో పాడక్ 2024కి కొత్తగా, పెద్దగా కట్టారు. కాబట్టి సీట్లు పాడక్ నుంచి వచ్చి పోవటానికి వీలుగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఫస్ట్ టర్న్ చివర తీసుకుంటే ఆయన నడవలేక చస్తాడు. డెర్బీ రోజైతే ఇంకోటుంది, రేసుకి ముందు గుర్రాల్ని వెనక లాయాలనుంచి ట్రాక్ మీదే నడిపించుకుంటూ పాడక్‌కి తీసుకొస్తారు, ఓనర్లు, ట్రైనర్లు, వాళ్ళ ఇంటిల్లిపాదీ మట్టిలో పక్కనే నడుస్తారు. మన దగ్గర పెళ్ళి ఊరేగింపు లాగా. నాకు రేసుకంటే అదే గుర్తుండిపోయింది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది ఆయనకి తప్పకుండా చెప్పండి. మన దగ్గర ఎక్కువ గుర్రాలున్న రేసులో 'ప్లేస్' పందెం ఆడితే మొదటి మూడింట్లో వస్తే చాలు. ఇక్కడ 'ప్లేస్' అంటే మొదటి రెండే. మూడోది కూడా కావాలంటే 'షో' అనాలి. నేను మొదటిసారి ఇక్కడ ప్లేస్ ఆడి, గుర్రం మూడో స్థానంలో వస్తే ఎగిరి గంతేసి కౌంటర్ దగ్గరకి వెళ్ళా. ఆ పిల్ల టికెట్ మెషిన్‌లో పెట్టి, నా వైపు చూసి, మళ్ళీ పెట్టి చూసి, "సారీ హనీ" అంది. ఇంకా ఇక్కడ రింగులో బుకీలు ఉండరు, అంతా టోటే, అంటే అందరి పందెం డబ్బూ ఒకచోట కలిపి గెలిచినవాళ్ళకి పంచుతారు. మనం ఆడినప్పటి రేటు కాదు, గేటు తెరుచుకునేటప్పటి రేటే లెక్క. రెండు డాలర్లతో ఆడుకోమనండి. 2022లో రిచ్ స్ట్రైక్ 80కి 1 రేటుతో వచ్చింది, రెండు డాలర్ల విన్ టికెట్‌కి 163 డాలర్ల 60 సెంట్లు ఇచ్చారు. ఈ ముక్క మీ అమ్మగారికి వినపడనివ్వకండి.

ఇన్‌ఫీల్డ్_బాధితుడు:

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. మేం పులిహోర పారదర్శకంగా ఉండే జిప్ కవర్లలో తీసుకెళ్ళాం, పోనిచ్చారు. మా వాడొకడు స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చాడు, మళ్ళీ కారు దాకా నడిచాడు. వెళ్ళే ముందు ఆ ఏడాది నియమాలు ఒకసారి చూసుకోండి. పార్కింగుకి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వాళ్ళ పెరట్లో, గడ్డిలో చోటు అద్దెకిస్తారు, అట్ట మీద రేటు రాసి పట్టుకుని నిలబడతారు. అమ్మగారితో అయితే గేటుకి దగ్గరున్నది చూసుకోండి, పది డాలర్లు ఎక్కువైనా సరే.

మేసన్_కోడలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి కూర్చుని లెక్క వేశాం. గురువారానికి 300 లెవెల్‌లో పైకప్పు కింద, లిఫ్టుకి దగ్గరగా ఐదు సీట్లు తీసుకున్నాం. శనివారం ఇంట్లో టీవీ, పెసరట్లు (పెసరట్టు గారు, మీరు సగం గెలిచారు). బాబుకి ఒకరోజు స్కూలు పోతుంది, పోనివ్వండి.

ఈ కబురు చెబుదామని నాన్నకి ఫోన్ చేశా. సీట్ల గురించి ఇంత వివరంగా చెప్తుంటే ఊ కొడుతున్నారు గానీ వింటున్నట్టు లేరు. చివరికి, అమ్మ పక్కగదిలో ఉందనుకుంటా, గొంతు తగ్గించి అడిగారు, "అదంతా సరేలే తల్లీ, పొద్దున్నే ట్రాక్ వర్క్ చూడనిస్తారా అక్కడ?" అని. గుర్రాల పొద్దుటి సాధన అన్నమాట. దీనికి ఏం చెప్పాలి?

లూయీవిల్_వాసి:

చూడనిస్తారు. డెర్బీ వారంలో పొద్దున టిఫిన్‌తో కలిపి 'డాన్ ఎట్ ద డౌన్స్' అని పెడతారు, దానికి టికెట్ వేరే, ముందే తీసుకోండి. ఏడున్నర ప్రాంతంలో కాసేపు ట్రాక్ ఖాళీ చేయించి డెర్బీ, ఓక్స్ గుర్రాలని మాత్రమే వదులుతారు. డెర్బీ గుర్రాల జీను కింద పసుపు గుడ్డ, దాని మీద పేరు రాసి ఉంటుంది, ఓక్స్ వాటికి గులాబీ రంగు. మీరు మేసన్‌లో ఐదింటికల్లా బయలుదేరాలి, మళ్ళీ చెప్తున్నా ఐదంటే ఐదే, మన ఐదు కాదు. స్వెట్టర్ తెచ్చుకోమనండి, మే నెల అయినా ఆ టైములో చలి ఉంటుంది.

మలక్‌పేట_పాత_కాపు:

బైనాక్యులర్స్ కూడా. ఆయన దగ్గర పాతది ఉండే ఉంటుంది, బీరువాలో వెతకమనండి.