హైవే పక్క ఇల్లు, రాత్రి లారీల మోత: ఎవరికి చెప్పుకోవాలి?

టెక్కలి కుర్రాడు:
మా ఇల్లు పదహారో నంబరు హైవే పక్కనే. పగలు ఎలాగో సర్దుకుపోతాం గానీ రాత్రి పది దాటాక గ్రానైట్ బండలేసుకొచ్చే లారీలు మలుపు దగ్గర కొట్టే ఎయిర్ హారన్‌కి కిటికీ అద్దాలు గలగలమంటాయి, అమ్మ మాత్ర వేసుకుని పడుకున్నా లేచి కూర్చుంటోంది. దీనికి రూలంటూ ఏమైనా ఉందా?

నరసన్నపేట మాస్టారు:
ఎందుకు లేదు బాబూ, 2000లోనే వచ్చింది. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లలో 50, 40. ఇళ్ల మధ్య రాత్రిపూట హారనే కొట్టకూడదట! 45 అంటే ఫ్రిజ్ మోత కంటే కాస్త ఎక్కువ, అంతే. హైవే పక్కన అది జరిగే పనేనా?

లారీ ఓనర్:
అంతా మా డ్రైవర్ల మీదే వేయకండి. రాంగ్ రూట్‌లో ఆటో ఎదురొస్తుంది, డివైడర్ మీంచి గేదెలు దిగుతాయి, హారన్ కొట్టకుండా ఎలా? కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఆ పాటల హారన్లు ఎఫ్‌సీకి, అదే బండి ఫిట్‌నెస్ పరీక్షకి, వెళ్లేముందు పీకేసి, వచ్చాక మళ్లీ బిగించేవాళ్లు మాలో ఉన్నారు.

నరసన్నపేట మాస్టారు:
ఆ హారన్లు నిషేధమే. అనవసరంగా హారన్ మోగిస్తే 2019 సవరణ ప్రకారం మొదటిసారి 1000, మళ్లీ దొరికితే 2000. రాత్రి ఆపి చూసేవాడుంటే కదా.

రణస్థలం సర్వీస్ రోడ్డు:
మా దగ్గర హారన్ కంటే తెల్ల చారలు ఎక్కువ ఏడిపించాయి. స్పీడ్ తగ్గాలని వరసగా మందంగా వేశారు, ఖాళీ టిప్పర్ వాటి మీద వెళ్తే డబడబమని మంచం కదిలేది. ఊరంతా సంతకాలు పెట్టి కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చాం, కొన్నాళ్లకి ఇళ్లకి దూరంగా జరిపారు. "శబ్దం ఎక్కువగా ఉంది" అని కాకుండా ఫలానా చోట ఫలానాది తీయండి అని రాస్తేనే పని అవుతుంది.

న్యూజెర్సీలో సిక్కోలు:
ఇక్కడ అమెరికాలో ఫెడరల్ డబ్బుతో హైవే వెడల్పు చేసేముందు శబ్దం లెక్క తీయాల్సిందే, ఇళ్ల దగ్గర 67 డెసిబెల్స్ దరిదాపుల్లోకి వస్తే మోత ఆపే గోడ సంగతి చూడాలి. కానీ పాత రోడ్డు పక్కన ఊరికే కట్టాలన్న బలవంతం లేదు, అది రాష్ట్రాల ఇష్టం. ఇంకోటి, గోడ ఇంటికీ బండికీ మధ్య చూపు ఆపితేనే ఓ 5 డెసిబెల్స్ తగ్గుతుంది. దారి కోసం మధ్యలో సందు వదిలారో, మోత అందులోంచే వస్తుంది.

పలాస జీడితోట:
గోడ దాకా ఎందుకు, చెట్లు పెంచమనండి. 2018లో తిత్లీ తుపానుకి మా తోట పడిపోయాక హైవే ఇంట్లోకి వచ్చినట్టే ఉంది.

న్యూజెర్సీలో సిక్కోలు:
అన్నా, ఒక వరస చెట్లు కంటికి అడ్డమే గానీ చెవికి కాదు. వంద అడుగుల మందాన దట్టంగా ఉంటేనే తేడా. నీ తోట అంత ఉండేదేమో.

నరసన్నపేట మాస్టారు:
అందుకే చెప్తున్నా, ఆరు లైన్లు నరసన్నపేట దాకా వచ్చాయి. ఇచ్ఛాపురం వైపు వేసే ముందు గోడ అడగాలి, వేసేశాక అడిగితే ఎవరూ వినరు.

టెక్కలి కుర్రాడు:
సరే మాస్టారూ, ముందు ఆ మలుపు దగ్గర హారన్ వద్దని బోర్డు, రాత్రి తనిఖీ అడుగుతూ అర్జీ రాస్తా. రణస్థలం అన్నా, మీ అర్జీ కాపీ ఉంటే ఫొటో పెట్టండి.

లారీ ఓనర్:
బోర్డు ఒడియా, హిందీల్లో కూడా రాయించు తమ్ముడూ. ఆ దారిలో వెళ్లే బండ్లలో సగానికి తెలుగు రాదు.