ఫానీ మే, ఫ్రెడీ మాక్ పతనం: జవాబు చెప్పాల్సింది వ్యక్తులా, వారిని కాపాడిన రాజకీయ ఏర్పాటా?

పరిశీలకుడు (చర్చ ప్రారంభం)

2008 సెప్టెంబరు 7న అమెరికా ప్రభుత్వం ఫానీ మే, ఫ్రెడీ మాక్ అనే రెండు గృహరుణ సంస్థలను తన సంరక్షణలోకి తీసుకుంది. ఇవి నేరుగా ఎవరికీ ఇంటి అప్పు ఇవ్వవు. బ్యాంకులు ఇచ్చిన అప్పులను కొని, కట్టలు కట్టి, అసలుకూ వడ్డీకీ తామే పూచీపడి మదుపరులకు అమ్ముతాయి. అప్పటికి ఆ దేశపు ఇంటి అప్పుల్లో దాదాపు సగం, అంటే 5 లక్షల కోట్ల డాలర్లకు పైబడిన మొత్తం, వీటి చేతిలోనో వీటి పూచీ మీదనో ఉంది. వీటిని నిలబెట్టడానికి 2012 నాటికి ఖజానా నుంచి సుమారు 18,750 కోట్ల డాలర్లు పోయవలసి వచ్చింది. ఇంత నష్టానికి ఎవరు జవాబు చెప్పారన్నదే నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. ఎవరూ చెప్పలేదనీ, చెప్పవలసిన అవసరమే రాకుండా చేసిన ఏర్పాటు చాలావరకు చట్టబద్ధంగానే సాగిందనీ నా అభిప్రాయం.

ఆ ఏర్పాటు ఎలాంటిదో చూడండి. 1938లో ప్రభుత్వమే పెట్టిన ఫానీ మే 1968లో వాటాదారుల పరమైంది. ఫ్రెడీ మాక్ 1970లో పుట్టింది. పేరుకు ప్రైవేటు సంస్థలే అయినా రాష్ట్రాల ఆదాయపు పన్ను వీటికి వర్తించదు, అవసరమైతే ఖజానా నుంచి 225 కోట్ల డాలర్ల చొప్పున అప్పు తెచ్చుకునే వీలుంది, ఒక్కో సంస్థ బోర్డులోని 18 మంది డైరెక్టర్లలో అయిదుగురిని దేశాధ్యక్షుడే నియమించేవాడు. వీటిని ప్రభుత్వం మునగనివ్వదని మార్కెట్టు నమ్మింది కాబట్టి అప్పు చవకగా పుట్టేది. ఆ చవకతనంలో కొంత ఇల్లు కొనేవారికి చేరింది, కొంత వాటాదారుల లాభంగానూ పెద్ద ఉద్యోగుల బోనస్‌గానూ మిగిలింది. ఈ ఏర్పాటు చెక్కుచెదరకుండా చూసుకోవడమే వీటి అసలు వ్యాపారమైపోయింది. 2008 ఆర్థిక సంక్షోభంపై అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు నియమించిన విచారణ సంఘం లెక్క ప్రకారం 1999 నుంచి 2008 వరకు లాబీయింగ్ (చట్టసభనూ ప్రభుత్వాన్నీ తమవైపు తిప్పుకునే ప్రయత్నాలు) మీద ఈ రెండు సంస్థలూ పెట్టిన ఖర్చు 16.4 కోట్ల డాలర్లు.

వీటిని పర్యవేక్షించడానికి 1992లో ఆఫియో అనే నియంత్రణ సంస్థను పెట్టారు. బ్యాంకుల నియంత్రణ సంస్థలకు లేని ఒక బలహీనత దానికి ఉండేది. ఏటా ఎంత ఖర్చు పెట్టుకోవాలన్నా కాంగ్రెసు అనుమతి కావలసి వచ్చేది. కాంగ్రెసు సభ్యుల నియోజకవర్గాల్లో ఫానీ మే శాఖా కార్యాలయాలు తెరిచి, ప్రారంభోత్సవాలకు ఆ సభ్యులనే పిలిచి పెద్దపీట వేసేది. లెక్కల అవకతవకలపై ఆఫియో దర్యాప్తు మొదలుపెట్టినప్పుడు ఏం జరిగిందో 2006 మే నెలలో ఆ సంస్థే తన నివేదికలో బయటపెట్టింది. ఫానీ మే లాబీయిస్టులు కాంగ్రెసు నుంచి ఒక కోరిక వచ్చేలా చేసి దర్యాప్తు చేస్తున్నవారి మీదే ఎదురు విచారణ వేయించారు. డైరెక్టరును మార్చేవరకు ఆఫియో నిధులకు కోత పెట్టే వాక్యాన్ని బడ్జెట్టు బిల్లులో చొప్పించడానికి కూడా ప్రయత్నించారు. కాపలాదారు జీతాన్ని దొంగ నిర్ణయించే పరిస్థితి ఇది.

ఇక ఆ లెక్కల సంగతి. 1998లో వడ్డీ రేట్లు పడిపోయి జనం పాత అప్పులు తీర్చి కొత్తవి తీసుకోవడంతో ఫానీ మే సుమారు 40 కోట్ల డాలర్ల ఖర్చును ఆ ఏడాదే చూపించవలసి వచ్చింది. చూపించింది సగమే. ఉన్నతోద్యోగులకు పూర్తి బోనస్ రావాలంటే వాటాకు 3.23 డాలర్ల లాభం తేలాలి. పుస్తకాల్లో తేలిన అంకె 3.2309. ఆ తరువాత సంస్థ అధిపతి ఫ్రాంక్లిన్ రెయిన్స్ అయిదేళ్లలో ఆ లాభాన్ని 6.46 డాలర్లకు రెట్టింపు చేయాలని లక్ష్యం పెట్టారు. తప్పులు పట్టవలసిన అంతర్గత ఆడిట్ విభాగాధిపతే తన సిబ్బందితో 6.46 అనే అంకెను మెదడులో ముద్ర వేసుకోవాలని చెప్పాడు. 1998 నుంచి 2003 వరకు రెయిన్స్‌కు ముట్టింది 9 కోట్ల డాలర్లకు పైనే. 2006లో సంస్థ మీద 40 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అది చెల్లించింది వాటాదారుల సొమ్ములోంచి. 2008లో రెయిన్స్ చేసుకున్న 2.47 కోట్ల డాలర్ల రాజీలో ఎక్కువ భాగం వాటాలు కొనుక్కునే హక్కుల (స్టాక్ ఆప్షన్ల) రూపంలో వదులుకున్నదే, నగదు జరిమానాను బీమా భరించింది.

లెక్కల మాస్టారు

పరిశీలకుడు గారూ, ఆఫియో విషయంలో మీరు చెప్పినదాన్ని కాదనను. అయితే 2004లో బయటపడిన ఫానీ మే లెక్కల కుంభకోణాన్నీ 2008 నాటి సంక్షోభాన్నీ మీరు ఒకే తాడుతో కట్టేస్తున్నారు. సంక్షోభానికి మూలం వాల్‌స్ట్రీట్ సంస్థలు ఎవరి పూచీ లేకుండా తయారుచేసి అమ్మిన సబ్‌ప్రైమ్ కట్టలు, అంటే తిరిగి కట్టే స్తోమత అంతంతమాత్రంగా ఉన్నవారికి ఇచ్చిన అప్పుల కట్టలు. విచారణ సంఘమే రుణ యోగ్యత స్కోరు 660 కంటే తక్కువ ఉన్నవారి అప్పులను పోల్చి చూసింది. 2008 చివరికి తీవ్రంగా బకాయిపడినవి ఈ రెండు సంస్థల కట్టల్లో 6.2 శాతమైతే ప్రైవేటు కట్టల్లో 28.3 శాతం. అందుకే ఆ సంఘంలోని అధిక సంఖ్యాకులు ఈ సంస్థల పాత్ర ఉందిగాని అవి ప్రధాన కారణం కాదని 2011 జనవరిలో తేల్చారు. ప్రభుత్వ గృహ విధానమే మూలమని విడిగా రాసిన సభ్యుడు పీటర్ వాలిసన్ ఒక్కరే. రెయిన్స్ మోసపూరిత ఉద్దేశంతో ప్రవర్తించినట్టు ఆధారాలు లేవని 2012లో ఫెడరల్ న్యాయమూర్తి వాటాదారుల దావాలోంచి ఆయనను తప్పించిన సంగతి కూడా మీరు చెప్పి ఉండవలసింది.

అందరూ రాజకీయులను తిడితే బ్యాంకులు తప్పించుకుంటాయన్నది నా ఆందోళన. ఖజానాకు నష్టం వచ్చిందన్నమాట కూడా ఇప్పుడు నిలవదు. తీసుకున్నదానికంటే చాలా ఎక్కువగా, 30,000 కోట్ల డాలర్లకు పైగా, ఈ సంస్థలు డివిడెండ్ల రూపంలో తిరిగి ఇచ్చాయి.

గుంటూరు వకీలు

మాస్టారూ, ఉద్దేశం రుజువు కాలేదన్న మీ మాట దగ్గరే ఈ చర్చ కీలకం ఉంది. ప్రైవేటు బ్యాంకుల వైపు నుంచే ఉదాహరణ తీసుకుందాం. కంట్రీవైడ్ అనే పెద్ద రుణ సంస్థలో పలుకుబడి ఉన్నవారి కోసం ప్రత్యేక విభాగం ఒకటి ఉండేది. అధిపతి ఏంజెలో మొజిలో పేరుమీద అందులోని కొందరిని "ఏంజెలో మిత్రులు" అని వ్యవహరించేవారు. అందరిలాగా వరుసలో నిలబడనక్కర లేదు, కొన్ని రుసుములు మాఫీ, వడ్డీ తగ్గాలంటే మిగతావారు ముందుగా కట్టే "పాయింటు" అనే రుసుము వీరికి ఉచితం. తరువాతి కాలంలో సెనేట్ బ్యాంకింగ్ కమిటీ అధ్యక్షుడైన క్రిస్ డాడ్ 2003లో రెండు ఇళ్ల అప్పులను అక్కడే తిరగరాయించుకున్నారు. సెనేటర్ కెంట్ కాన్రాడ్ సముద్రతీరపు ఇంటికి అప్పు తీసుకుని, విషయం బయటపడ్డాక తనకు కలిసివచ్చిన 10,500 డాలర్లను ఇళ్లు కట్టించే ఒక ధర్మ సంస్థకు ఇచ్చేశారు. ఫానీ మే మాజీ అధిపతి జేమ్స్ జాన్సన్‌కూ అక్కడ అప్పులున్నాయని తేలడంతో, 2008 జూన్‌లో ఒబామా ఉపాధ్యక్ష అభ్యర్థి ఎంపిక బృందం నుంచి ఆయన తప్పుకోవలసి వచ్చింది. కంట్రీవైడ్ నుంచి అత్యధికంగా అప్పులు కొన్నది ఫానీ మేయే కాబట్టి మాస్టారు అంటున్న రెండు తాళ్లు ఇక్కడ ముడిపడతాయి.

2009 ఆగస్టులో సెనేట్ ఎథిక్స్ కమిటీ ఇద్దరు సెనేటర్ల మీద వచ్చిన ఫిర్యాదులనూ కొట్టివేసి, మరింత జాగ్రత్తగా ఉండవలసిందని మందలించి ఊరుకుంది. ఫలానా రాయితీకి బదులుగా ఫలానా ఓటు వేశారని చూపిస్తే తప్ప చట్టం దృష్టిలో అది నేరం కాదు. పలుకుబడి అలా బేరమాడి కొనేది కాదు. ఏళ్ల తరబడి పరిచయాలుగా, ఉపకారాలుగా పెరుగుతుంది.

మొజిలో విషయానికి వస్తే, తన సంస్థ అమ్ముతున్న ఒక రకం అప్పు విషతుల్యమని ఆయనే 2006లో ఈమెయిళ్లలో రాసుకున్నాడు. 2010 అక్టోబరులో 6.75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, అందులో 2 కోట్లు సంస్థ భరించింది. క్రిమినల్ విచారణ 2011లో ఆగిపోయింది. అదే 2011లో లీ ఫార్కాస్ అనే మరో రుణ సంస్థ అధిపతికి 30 ఏళ్ల జైలుశిక్ష పడింది, ఎందుకంటే అతను లేని అప్పులను ఉన్నట్టు చూపించి అమ్మాడు. దొంగ కాగితం సృష్టించినవాడు దొరుకుతాడు. చట్టాన్నే తనకు అనుకూలంగా ఉంచుకోగలిగినవాడికి దొంగ కాగితంతో పని లేదు.

డాలస్ నివాసి

ఖజానాకు డబ్బు తిరిగి వచ్చేసిందన్న మాస్టారు గారి మాటకు జవాబు ఇవ్వదలచుకున్నాను. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లలో చాలామంది అప్పులు చివరికి ఫానీ చేతికో ఫ్రెడీ చేతికో చేరేవే. ఆ సంస్థల రాబడి మేము కట్టే వడ్డీలో కలిసి ఉండే పూచీ రుసుము. 2011 డిసెంబరులో కాంగ్రెసు జీతాల మీద పన్ను కోతను కొనసాగించాలనుకుని, దానికి కావలసిన డబ్బు కోసం ఈ రుసుమును ఏడాదికి 0.10 శాతం పెంచింది. మూడు లక్షల డాలర్ల అప్పు మీద అది మొదట్లో ఏటా సుమారు 300 డాలర్లు. ఇళ్లతో సంబంధమే లేని ఖర్చుకు ఇల్లు కొన్నవాడి దగ్గర వసూలు చేశారు. ఆ పెంపును 2021 నాటి చట్టంలో రోడ్లూ వంతెనల పేరుతో 2032 వరకు పొడిగించారు. నష్టం చేసినవాడు ఒకడు, తిరిగి కట్టినవాడు వేరొకడు అయినప్పుడు దాన్ని జవాబుదారీతనం అనలేము. విచారణ సంఘం నివేదిక వెలువడేనాటికే సుమారు 40 లక్షల కుటుంబాలు జప్తుల్లో ఇళ్లు పోగొట్టుకున్నాయి. వాళ్లకు ఏ డివిడెండూ రాలేదు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

ఒక్క విషయం చేర్చి ఊరుకుంటాను. ఆ ఏళ్లలోనే మన కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి గారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండి, 2004 డిసెంబరులో గృహరుణాల రిస్క్ వెయిట్‌ను (అప్పు మీద బ్యాంకు ఎంత సొంత మూలధనం పెట్టుకోవాలో లెక్కగట్టే శాతాన్ని) 50 నుంచి 75 శాతానికి పెంచారు, వాణిజ్య స్థిరాస్తి రుణాలకు ఆ తరువాత ఇంకా పెంచారు. వ్యాపారం పోతోందని బ్యాంకులు గొణిగాయి. రిజర్వు బ్యాంకుకు సొంత రాబడి ఉంది కాబట్టి, బ్యాంకులు పార్లమెంటు చుట్టూ తిరిగి దాని బడ్జెట్టును కోయించే దారి లేకపోయింది. గవర్నరు ధైర్యం ఒక్కటే సరిపోదు, ఆ ధైర్యానికి తిండి పెట్టే ఏర్పాటు ఉండాలి.

పరిశీలకుడు

మాస్టారు గారు ఎత్తిచూపిన న్యాయమూర్తి తీర్పును నేను ఒప్పుకుంటాను, దాన్ని నా వాదానికి సాక్ష్యంగానే చూస్తాను. మోసం రుజువు కాని చోట కూడా ఇంత డబ్బు చేతులు మారిందంటే, కోర్టు బయట నిలబెట్టవలసిన కట్టుబాట్లు లేవన్నమాట. దీన్ని ఒక పార్టీకి అంటగట్టడం కూడా సరి కాదు. రెయిన్స్ క్లింటన్ ప్రభుత్వంలో బడ్జెట్టు అధిపతిగా పనిచేసి వచ్చినవాడు. రిపబ్లికన్ నాయకుడు న్యూట్ గింగ్రిచ్ సలహాల పేరుతో అందుకున్న సుమారు 16 లక్షల డాలర్లు ఫ్రెడీ మాక్ ఇచ్చినవి. చట్టవిరుద్ధంగా ఎన్నికల నిధులు సేకరించినందుకు అదే సంస్థ 2006లో 38 లక్షల డాలర్ల జరిమానా కట్టింది, అప్పటికి ఎన్నికల సంఘం వేసిన జరిమానాల్లో అదే పెద్దది. గట్టి నియంత్రణ తెచ్చే బిల్లు 2005లో సెనేట్ కమిటీ దాటినా సభలో ఓటింగుకే రాలేదు. తెచ్చింది రిపబ్లికన్లు, సభలో ఆధిక్యం ఉన్నదీ వాళ్లకే.

2008 జులైలో చేసిన చట్టం ఆఫియోను తీసివేసి కొత్త నియంత్రణ సంస్థను పెట్టింది. దానికి ఏటా కాంగ్రెసు అనుమతితో పని లేదు. అది మంచి మార్పు. అయితే దాని డైరెక్టరును అధ్యక్షుడు ఇష్టం వచ్చినప్పుడు తొలగించవచ్చునని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగా, అదే రోజు బైడెన్ డైరెక్టరును మార్చారు. సంరక్షణ మొదలైనప్పుడు ఈ రెండు సంస్థల లాబీయింగ్‌ను ఆపించింది కూడా నియంత్రణ సంస్థ ఆదేశమే, శాశ్వతమైన చట్టం కాదు. సంరక్షణ ఎత్తివేసే రోజున ఆ ఆదేశం దానంతటదే పోతుంది. సంరక్షణ ముగించాలని వాదిస్తున్న వాటాదారులూ వారికి మద్దతుగా మాట్లాడుతున్న నాయకులూ ముందుగా ఆ నిషేధాన్ని చట్టంలోకి ఎక్కించడానికి ఒప్పుకుంటారా అన్నది వారిని ఇప్పుడే, సంస్థలు వారి చేతికి వెళ్లకముందే, అడగవలసిన ప్రశ్న.